ఉరుకుందప్ప ముందుచూపు

పొద్దున పెనం మీద జొన్నరొట్టె వేసి, అది కాలేలోపు చౌడేశ్వరి మగ్గం గదిలోకి తొంగి చూసింది. ఉరుకుందప్ప అప్పటికే మగ్గం కింద తవ్విన గుంతలో కాళ్ళు దింపుకుని కూర్చుని నేస్తున్నాడు. ఎమ్మిగనూరు నేత వీధిలో ఏ ఇంటి పొద్దైనా ఇలా మగ్గం చప్పుడుతోనే మొదలవుతుంది. కాని ఆమె చూపు మొగుడి మీద లేదు. మగ్గానికి అవతలి కొసన చుట్టి ఉన్న నిలువు పోగుల పడుగు మీద ఉంది. అదెంత సన్నబడిపోయిందో ఒక్క చూపులో తెలిసిపోయింది. మహా అయితే ఇంకొక్క చీరకు వస్తుంది. కొత్త పడుగు మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు.

వేరే ఇంట్లో అయితే ఇదేమంత వింత కాదు. ఉన్న పడుగు అయిపోయాక నూలు కోసం పరుగెత్తే మగవాళ్ళు ఆ వీధిలో సగం మంది. ఉరుకుందప్ప సంగతి వేరు. ఇంకా నాలుగు చీరల పడుగు మిగిలి ఉండగానే తర్వాతి దానికి నూలు తెచ్చి, తెల్లవారుజామున వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, ఆరబెట్టి సిద్ధంగా ఉంచేవాడు. పాత పడుగు కొసలను మగ్గానికున్న దువ్వెనలాంటి అచ్చులో అలాగే వదిలిపెట్టి, కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి అతికించడం చౌడేశ్వరి పని. మూడు వేల పైచిలుకు పోగులు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మగ్గం అమావాస్యనాడు తప్ప ఖాళీగా కూర్చున్నది లేదు. అమావాస్యకు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు.

అతని ముందుచూపు గురించి చుట్టాలంతా నవ్వుకుంటూ చెప్పుకునేవారు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడే, పెళ్ళినాడు వాన వస్తే వంట పొయ్యిలు ఎటు మార్చాలో చూసుకుని పోయాడట. బస్సు ఎక్కాలంటే ముందురోజే స్టాండుకు పోయి వేళ కనుక్కుని వచ్చే మనిషి. గుడికి పోతే ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంకో జత చెప్పులు సంచిలో పెట్టుకునేవాడు. అలాంటివాడి మగ్గం మీద ఒక్క చీర పడుగు మిగిలి ఉండి, తర్వాతి మాట లేదంటే ఎలా నమ్మడం?

"మామా, పడుగు అయిపోవచ్చె. కొత్తది యాడ?" అని అడిగింది.

"చూద్దాంలే," అన్నాడు తల ఎత్తకుండా.

చూద్దాంలే అనే మాట ఆ నోట ఆమె ఎప్పుడూ వినలేదు. అక్కడే నిలబడిపోయింది. వంటింట్లోంచి మాడు వాసన వచ్చేదాకా రొట్టె సంగతి గుర్తుకు రాలేదు.

అనుమానం ఆ పొద్దునే పుట్టిందంటే అబద్ధం. అది మూడు అమావాస్యల కిందటిది. మగ్గం ముట్టని రోజు కదా, ఉరుకుంద ఈరన్న స్వామిని చూసి వస్తానని అతను తెల్లచొక్కా వేసుకుని బయలుదేరాడు. ఆ స్వామి పేరే అతనికి పెట్టారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. కొబ్బరి చిప్ప లేదు, నుదుటన కుంకుమ లేదు. రద్దీగా ఉండి బయటినుంచే దండం పెట్టుకుని వచ్చానన్నాడు. ఆమె నమ్మింది.

రెండో అమావాస్య మర్నాడు చొక్కా ఉతకబోతే జేబులో బస్సు టికెట్టు దొరికింది. అది కోడుమూరు టికెట్టు. ఉరుకుంద పడమరకు, కోడుమూరు తూర్పుకు. స్వామి దర్శనానికి పోయినవాడు తూర్పున ఎందుకు తేలాడో ఆమెకు అర్థం కాలేదు. అడుగుదామనుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడి, టికెట్టును పోపుల డబ్బాలో దాచింది.

ఆ తర్వాత ఆమె కళ్ళు ఊరుకోలేదు. ఇల్లంతా అవే వెతికాయి. కర్నూలులో నర్సింగు చదివే కూతురు శివలీల ఫోను చేస్తే అతను వీధిలోకి పోయి మాట్లాడుతున్నాడు. తిరిగి వచ్చి, ఏముంది, బాగుందంట, అని తేల్చేస్తున్నాడు. అతని దిండు కింద ఒక పురికొస తాడు కనబడింది. దానికి నాలుగుచోట్ల ముడులు వేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే మగ్గానికి అన్నాడు. ఆ మగ్గంలో ఏ తాడు ఎక్కడ ఉంటుందో చౌడేశ్వరికి తెలియదా? ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే కాలి దగ్గర ఏదో తగిలి మెలకువ వచ్చింది. చూస్తే ఉరుకుందప్ప కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చీమ పాకుతుంటే తీసేశానన్నాడు. చీమను తీయడానికి అంత చెమట ఎందుకు పట్టిందో ఆమెకు తోచలేదు.

అత్త హనుమమ్మ తీరు మరీ వింతగా ఉంది. ఎప్పుడూ నోరు మూయని మనిషి. తల్లీ కొడుకులు ఏదో మాట్లాడుకుంటూ చౌడేశ్వరి వస్తూనే ఆపేయడం రెండుసార్లు జరిగింది. ఒకసారి హనుమమ్మ కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. చౌడేశ్వరి ఉండబట్టలేక, నీ కొడుకు అమావాస్య అమావాస్యకు యాటికి పోతాండాడని నిలదీస్తే, ముసలామె చాలాసేపు కోడలి చేతుల వైపు చూసింది.

"మగోడు పోయేతావుకు పోతాడు, వచ్చేతావుకు వస్తాడు. గమ్మునుండు మే," అంది చివరికి.

ఆ గమ్మునుండు అన్న మాటే నిప్పు రాజేసింది. మొదట చౌడేశ్వరి మగ్గం అమ్మేస్తున్నాడేమో అనుకుంది. ఎదురింటి మద్దమ్మ వాళ్ళు అలాగే చేశారు. ముందు కొత్త పడుగు తేవడం మానేశారు, తర్వాత ఒకరోజు మగ్గం పీకి, గుంత పూడ్చి, బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయారు. కాని అమ్మకానికి కోడుమూరుతో పనేముంది? ఆ ప్రశ్నకు జవాబు వీధి చివరి అయ్యన్న తెచ్చాడు. మేనకోడలి ఇంటికి పోయి వచ్చిన అయ్యన్న, చెప్పాలా వద్దా అని నాలుగుసార్లు గొంతు సవరించుకుని, కోడుమూరులో చర్చి వెనక సందులో మీ ఆయప్పను చూసినానన్నాడు. నీలం తలుపు ఇంట్లోకి పోతున్నాడట. ఆ ఇంటామె పేరు విశ్వాసమ్మ. మొగుడు పోయి చాలా ఏళ్ళయిందట.

చౌడేశ్వరి అయ్యన్నకు మజ్జిగ ఇచ్చి పంపి, లోపలికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. మగ్గం పోతే పోనీ, కూలికి పోయైనా బతకొచ్చు. మనిషే పోతుంటే ఏం పట్టుకుని బతకాలి? ఎన్ని వేల పోగులు అతికించినా ఒక్కటి తెగనీయని చేతులు ఆమెవి. ఈ ఒక్క పోగు ఎక్కడ తెగిందో ఆమెకు దొరకలేదు.

మొగుడి దగ్గర ఇన్నేళ్ళు ఉన్నందుకు ముందుచూపు ఆమెకూ అబ్బింది. ఆ సాయంత్రమే సంచిలో రెండు చీరలు, ఆధార్ కార్డు, కూతురి చిన్నప్పటి ఫోటో సర్దింది. ఆదోనిలో ఉన్న తమ్ముడికి ఫోను చేసి, అమావాస్యనాడు వస్తానేమో, ఇంట్లోనే ఉండమంది. ఎందుకని తమ్ముడు అడిగితే ఊరికే అంది. అనుమానపడే మనిషి వేసుకునే పథకాలు ఎప్పుడూ విడిపోవడానికే ఉంటాయి, కలిసి ఉండడానికి ఒక్కటీ ఉండదు. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలి?

అమావాస్య వచ్చింది. పడుగు ముందురోజే అయిపోయింది. కడపటి చీర మడతపెట్టి ఇస్తూ, ఉరుకుందప్ప ఖాళీ మగ్గం వంక కాసేపు చూశాడు. పొద్దున తెల్లచొక్కా వేసుకుని, ఉరుకుందకు పోయొస్తా అన్నాడు. చౌడేశ్వరి సరేనంది. గుంతలోంచి లేచేటప్పుడు, మెట్టు దిగేటప్పుడు అతను గోడ పట్టుకోవడం ఆమె చాలారోజులుగా చూస్తూనే ఉంది. అయినా అది అనుమానాల లెక్కలో చేరలేదు. మనసు వేరే దారిలో పోతున్నప్పుడు కళ్ళు చూసినది మనసుకు అందదు.

తర్వాతి బస్సుకు ఆమె కోడుమూరులో దిగింది. చర్చి వెనక సందు అడిగి కనుక్కుంది. నీలం తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. సంచి చంకన పెట్టుకుని, తొంగి చూసింది.

నేల మీద గుంత లేకుండా, కట్టెలతో ఎత్తుగా నిలబెట్టిన మగ్గం. దాని బల్ల మీద యాభై ఏళ్ళు దాటిన ఒకామె కూర్చుని నేస్తోంది. ఆమె కాళ్ళ దగ్గర ఉరుకుందప్ప నేల మీద కూర్చుని, ఆమె తొక్కే చెక్కల వైపే రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చేతిలో అదే ముడుల తాడు.

చౌడేశ్వరి తలుపు తోసింది. "ఇదా మామా నీ ఉరుకుంద? ఈమేనా నీ స్వామి?"

ఉరుకుందప్ప లేవబోయాడు, లేవలేకపోయాడు. మగ్గం కట్టెను పట్టుకుని సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. చౌడేశ్వరి ఆగలేదు. మూడు అమావాస్యలుగా కడుపులో దాచుకున్నదంతా పేరుపేరునా బయటపెట్టింది. టికెట్టు సంగతి, తాడు సంగతి, చీమ సంగతి, ఫోను సంగతి. ఇంటికి తిరిగి రానని, తమ్ముడు ఆదోనిలో కనిపెట్టుకుని ఉన్నాడని చెప్పింది. మగ్గం మీదున్న ఆమె అంతా విని, అడ్డపోగు మోసే నాడెను పక్కన పెట్టి, నెమ్మదిగా కిందికి దిగింది.

"నువ్వేనామ్మా చౌడమ్మ? నీ కాలు పొడుగు తెల్సు నాకు, నీ చెయ్యి పొడుగు తెల్సు. మొగం మాత్రం ఈ పొద్దే చూస్తాండా," అంది. కోపం లేదు ఆ గొంతులో. "అన్నా, ఇంగైనా చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

అన్నా అన్న పిలుపు విని చౌడేశ్వరి మొగుడి వైపు తిరిగింది.

విశ్వాసమ్మే చెప్పింది. ఆమె మొగుడూ నేతగాడేనట. అతను పోయాక పిల్లలను సాకడానికి తనే మగ్గమెక్కింది. గుంతలో కూర్చోలేకపోతే, వడ్రంగం చేసే ఆమె తమ్ముడు నెహెమ్యా బల్ల మగ్గం చేసి ఇచ్చాడు. ఆ సంగతి ఎక్కడో విని ఉరుకుందప్ప వెతుక్కుంటూ వచ్చాడు. ఆడమనిషి కూర్చుని నేయాలంటే బల్ల ఎంత ఎత్తుండాలి, కాలికి చెక్క ఎంత దూరంలో అందాలి, నడుము నొప్పి పుట్టకుండా ఎలా వంగాలి, అన్నీ అడిగి పోయాడు. మరుసటిసారి ఆ తాడు తెచ్చాడు. మొదటి ముడి చౌడేశ్వరి మోచెయ్యి, రెండోది భుజం, మూడోది మోకాలు, నాలుగోది పాదం.

వెనక వసారాలో నెహెమ్యా చిత్రిక పడుతున్న కట్టెలను ఆమెకు చూపించారు. అది సగం అయిన మగ్గం. నెహెమ్యా తల గోక్కుంటూ, ఇరవై ఏళ్ళుగా మగ్గాలు చేస్తున్నా ఇంత తిక్క మగ్గం చేయలేదన్నాడు. నాడెను లాగే తాడు ఎక్కడైనా కుడి చేతికే ఉంటుంది. ఈయన ఎడమ పక్కన పెట్టమన్నాడు. పొరపాటేమోనని తను రెండుసార్లు అడిగాడు.

"ఎడమ పక్కనే పెట్టప్పా, ఆయమ్మిది ఎడమ చెయ్యి, అన్యాడు," అన్నాడు నెహెమ్యా.

చౌడేశ్వరి ఆ కట్టెను పట్టుకుని నిలబడింది. చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే తల్లి వాతలు పెట్టింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎడమ చేత్తో వడ్డించబోతే హనుమమ్మ విస్తరి ముందునుంచి లేచిపోయింది. అప్పటినుంచీ నలుగురిలో అన్నీ కుడి చేత్తోనే చేయడం అలవాటు చేసుకుంది. ఎవరూ చూడకుండా పోగులు అతికించేటప్పుడు మాత్రమే చెయ్యి తన ఇష్టం వచ్చినట్టు ఆడేది. ఎవరూ చూడలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఏడుపు వెంటనే కోపం కూడా వచ్చింది. వసారాలో ఇద్దరినీ వదిలి అక్కాతమ్ముళ్ళు లోపలికి పోయారు. ఉరుకుందప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నీ కాళ్ళకేమైంది?" అని అడిగింది.

అతను చెప్పాడు. నడుములో నరం నలిగిపోయిందట. గుంతలో కూర్చుంటే కాళ్ళు తనవి కానట్టు ఉంటాయి. ఏ చెక్క తొక్కుతున్నాడో వంగి చూసుకుంటే గాని తెలియదు. శివలీలే కర్నూలు ఆసుపత్రిలో చూపించింది. బల్ల మీదైనా సరే, ఇంక మగ్గం తొక్కితే ఏడాదిలోపే నడక కూడా పోతుందని డాక్టరు అన్నాడు. అప్పటినుంచీ అతను లెక్క వేసుకున్నాడు. ఈ పడుగుతో గుంత మగ్గం ఆపాలి, ఉగాదికి ముందే చౌడేశ్వరి కోసం బల్ల మగ్గం ఇంటికి రావాలి. ఆడవాళ్ళు మగ్గమెక్కడం వాళ్ళ ఇంటా వంటా లేదు కాబట్టి తల్లిని ఒప్పించాలి. హనుమమ్మ ఒప్పుకోవడానికే రెండు అమావాస్యలు పట్టింది.

"గుంత నీకొద్దు మే. అది నా కాళ్ళు తిన్నది చాలు," అన్నాడు.

"కూతురికి చెప్పినావు. అమ్మకు చెప్పినావు. ఊరు కాని ఊర్లో వీళ్ళకు చెప్పినావు. నా చెయ్యి కొలిచినావు, నా కాలు కొలిచినావు. నన్నడగల్యా మామా నువ్వు."

"అడిగితే నువ్వు వద్దంటావేమోనని. నువ్వు వద్దంటే నాకు ఇంగో దావ లేదు. అందుకే అడగల్యా," అన్నాడు.

అన్నింటికీ మారుదారి వెతికి పెట్టుకునే మనిషి, భార్య కాదంటే ఏం చేయాలో తెలియక మూడు నెలలు అబద్ధాలాడాడు. చౌడేశ్వరికి నవ్వొచ్చింది, గుండె కూడా తరుక్కుపోయింది. ఇన్నాళ్ళూ అతని చొక్కా జేబులు వెతికింది గాని, అతను గోడ పట్టుకుని నడుస్తుంటే కాళ్ళు నొస్తున్నాయా అని ఒక్కసారి అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు, రేపటికి సిద్ధం చేసుకుంటూ వచ్చారు. అతను మగ్గం సిద్ధం చేశాడు. తను సంచి సర్దింది. ఆ సంచి వైపు చూడడానికి కూడా ఆమెకు సిగ్గేసింది.

దగ్గరికి పోయి పక్కన కూర్చుంది. మగ్గం వచ్చాక ఎన్నాళ్ళకు నేర్చుకోగలనని అడిగింది. ఆర్నెల్లు, అన్నాడు వెంటనే. మొదట దుప్పట్లు, తర్వాత తువ్వాళ్ళు, ఏడాది తిరిగేసరికి చీర. విశ్వాసమ్మ నెలకు నాలుగు రోజులు వచ్చి నేర్పిస్తుంది. శివలీల చదువు అయ్యేదాకా ఇల్లు ఎలా గడవాలో, మగ్గం ఏ గదిలో ఏ కిటికీ వైపు పెడితే ఆమె ఎడమ చేతికి వెలుతురు పడుతుందో కూడా చెప్పాడు. అంతా చూసుకున్నాడు. ఆమె వింటూ కూర్చుంది.

"సరే, నేను మగ్గమెక్కినా. నువ్వు? పొద్దున లేచి నువ్వేం చేస్తావు మామా?"

ఉరుకుందప్ప పన్నెండేళ్ళప్పుడు గుంతలో దిగిన మనిషి. మగ్గం లేని పొద్దు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆమెకు బల్ల ఎత్తు చూశాడు, చెక్క దూరం చూశాడు, వెలుతురు చూశాడు, తను ఎక్కడ కూర్చోవాలో మాత్రం చూసుకోలేదు. చేతిలో ఉన్న తాడు వంక చూస్తూ తల అడ్డంగా ఊపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అతని కళ్ళలో నీళ్ళు చూసింది చౌడేశ్వరి.

"అది ఆలోచించల్యా చౌడమ్మా," అన్నాడు.

ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. వేసింది ఎడమ చెయ్యని గమనించింది గాని తీయలేదు.

"ఆ ఒక్కటి నాకిడిసిపెట్టు," అంది. "అది నేను ఆలోచిస్తా. నిన్నడిగే ఆలోచిస్తా."

లోపలినుంచి విశ్వాసమ్మ, అన్నం తిని పోతారా, బస్సుకు ఇంకా వేళ ఉందని కేకేసింది. చౌడేశ్వరి కళ్ళు తుడుచుకుని, తింటామక్కా, ఇద్దరం తింటాం, అని బదులు చెప్పింది.